చుక్క ఆరిపోయేంత వెలుగు

మంద అమ్మేద్దామన్న మాట మొదట నాన్నే అన్నాడు. ముందుగా ఈ సంగతి రాయాలి. తర్వాత జరిగింది విన్నవాళ్లంతా ఆ మాట అమ్మే అందనుకుంటారు.

అది క్రిస్మస్ మధ్యాహ్నం. వెనక వరండాలో బల్ల వేసుకుని చల్లటి హామ్, రొయ్యలు, నాయనమ్మ చేసిన బంగాళాదుంపల సలాడ్ తింటున్నాం. ఎండ మండిపోతోంది. ఈగల్ని తోలడానికి ఒక చెయ్యి, తినడానికి ఒక చెయ్యి. అమ్మ ముందురోజే మెల్‌బోర్న్ నుంచి వచ్చింది. వారమంతా అక్కడ అద్దెగదిలో ఉండటం, శుక్రవారం సాయంత్రం రైలెక్కి గిప్స్‌లాండ్ పాడి ప్రాంతంలోని మా ఊరికి రావడం ఆమెకు మూడేళ్లుగా అలవాటు. వచ్చిన ప్రతిసారీ నిద్రలేని ముఖంతో వచ్చేది. ఈసారి మాత్రం సంచి కింద పెట్టకముందే నవ్వింది.

తను రాసిన పరిశోధన పత్రాన్ని పత్రికవాళ్లు దాదాపుగా ఒప్పుకున్నారట. చిన్న ప్రశ్నలేవో అడిగారు, వాటికి జవాబులిస్తే అచ్చవుతుంది. అచ్చయితే లింటన్ తన ల్యాబ్‌లో ఐదేళ్ల ఉద్యోగం ఇస్తానన్నాడు. లింటన్ అంటే అమ్మ ప్రొఫెసర్. అక్కడ అందరూ ఆయన్ని పేరు పెట్టే పిలుస్తారు.

నాన్న చేతిలో రొయ్య ఒలుస్తున్నాడు. ఒలిచింది అమ్మ పళ్లెంలో పెట్టి, "అయితే మంద అమ్మేద్దాం" అన్నాడు.

నాయనమ్మ ఫోర్కు కింద పెట్టేసింది. పండగ పూట ఏం మాటలురా అని కోప్పడింది. ఆ మందను మొదలుపెట్టింది తాతయ్య వాళ్ల నాన్న. జెర్సీ ఆవులు. ఇప్పుడున్న ఆవుల తల్లులు, అమ్మమ్మలు నాయనమ్మకు పేర్లతో సహా గుర్తు.

"ఎన్నాళ్లమ్మా ఇలా? తనక్కడ, నేనిక్కడ" అన్నాడు నాన్న. "ఈ బ్రయొనీ చూస్తే రోజుకి నాలుగు మాటలు మాట్లాడదు. నేనింక ఆవులతోనే చెప్పుకోవాలి."

"అవైనా నయం. అప్పుడప్పుడూ జవాబిస్తాయి" అంది నాయనమ్మ నా వైపు చూసి.

అందరూ నవ్వారు. నేను పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాను. నాకు జవాబులు దొరకక కాదు, నోటిదాకా వచ్చేసరికి మాట్లాడుతున్న విషయం మారిపోయి ఉంటుంది. అందుకే రాసుకుంటాను.

తన కోసం అమ్మొద్దని అమ్మ గట్టిగానే చెప్పింది. నీ కోసం కాదు, నా మోకాళ్ల కోసం అన్నాడు నాన్న. ఆ రోజు మామూలుకంటే ముందే బూట్లు తొడుక్కుని పాలు పితికే షెడ్డుకి వెళ్లిపోయాడు. అమ్మ వరండా చివర నిలబడి, ఆయన వాలు దిగి కనపడకుండా పోయేదాకా చూసింది. వాళ్లిద్దరూ అంత సంతోషంగా ఉండటం నేను చూసిన ఆఖరి రోజు అదే కావచ్చు.

కొత్త సంవత్సరం రాగానే పనులు జరిగిపోయాయి. పశువుల ఏజెంటు బార్ట్ ఉత్తరాన ఒక పెద్ద ఫారం వాళ్లను పట్టుకొచ్చాడు. మంద మొత్తం ఒకే చోటికి వెళ్తుంది, విడగొట్టరు. గడ్డి పొలాలు పక్కింటి వాళ్లకు కౌలుకి. ఇల్లు నాయనమ్మది, ఆమె దాన్ని వదిలి అగ్గిపెట్టెల్లాంటి గదుల్లోకి రానంది. జనవరి చివరి శుక్రవారం లారీలు వస్తాయి. ఫిబ్రవరిలో నేను మెల్‌బోర్న్ బడిలో చేరాలి. మా ఊరి బడిలో అన్ని తరగతులూ కలిపి రెండు గదుల్లో చదివిన నేను ఆ బడి ఫోటో చూడగానే బోర్లా పెట్టేశాను. అయినా వద్దనలేదు. అమ్మ రోజూ సాయంత్రం తిరిగొచ్చే ఇల్లు ఎలా ఉంటుందో చూడాలనుంది.

అందుకే సెలవుల్లోనే నన్ను తనతో తీసుకెళ్లింది, ఊరు అలవాటవుతుందని. ఉదయం ఆమెతోపాటు ల్యాబ్‌కి వెళ్లేదాన్ని. బయట కూర్చోబెడితే వచ్చేపోయే ప్రతివాళ్లూ పలకరిస్తారు. అందుకని లోపలి చీకటి గది అడిగాను. ఆ గది నాకు మొదటి రోజే నచ్చింది. ఎవరి ముఖం ఎవరికీ కనపడదు.

మైక్రోస్కోపు ఉన్న బల్ల కుదుపు తగలకుండా గాలి మీద తేలుతూ ఉంటుంది. దాన్ని ఆనుకోకూడదు. నేల మీద పసుపు పట్టీ అతికించారు, బొమ్మ తీస్తున్నంతసేపూ ఆ గీత దాటి నడవకూడదు. ఏసీ గాలి తగిలినా బొమ్మ పక్కకు జరుగుతుందని, బయట నలభై డిగ్రీల ఎండలోనూ దాన్ని ఆపేస్తారు. చెమటలు కారుతుంటే అమ్మా, ఆమెతో పనిచేసే థుయ్ అనే అమ్మాయీ తడి తువ్వాళ్లు మెడ మీద వేసుకుని కూర్చునేవాళ్లు.

"మీ ఆవుల షెడ్డు ఇంతకంటే చల్లగా ఉంటుందా?" అని థుయ్ నన్నడిగింది.

ఉంటుందన్నట్టు తలూపాను. చీకట్లో తలూపితే ఎవరికి కనిపిస్తుందని తర్వాత తట్టింది. అప్పటికే థుయ్ నవ్వుతోంది. "మీ అమ్మాయి చాలా వాగుతుంది రో" అంది అమ్మతో. అమ్మను దగ్గరివాళ్లంతా రో అనే పిలుస్తారు.

తెర మీద నల్లటి ఆకాశంలాంటిది, అందులో అక్కడక్కడా తెల్లటి చుక్కలు. మొదట అవి నాకు మురికిలా కనిపించాయి. ఒక్కో చుక్క ఒక్కో అణువు అని అమ్మ చెప్పింది. బతికున్న కణంలో, అది తన పని తాను చేసుకుంటూ ఉండగా, దానికి అంటించిన రంగు లేజర్ వెలుగు తగిలి మెరుస్తుంది. ఆ మెరుపునే మనం చూస్తున్నాం. కొన్ని చుక్కలు గీతల్లా పరుగెత్తేవి. కొన్ని ఒకచోట ఆగి, కాసేపుండి, మాయమయ్యేవి. ఆగినప్పుడు ఆ అణువు డీఎన్‌ఏని పట్టుకుని, తెగిన చోట బాగుచేస్తోందని అర్థం. మాయమైతే వదిలేసి వెళ్లిందని అర్థం.

అమ్మ చూసేవి రెండు రకాల కణాలు. కొన్ని మామూలు మనుషులవి. కొన్ని ఒక జబ్బున్న పిల్లల చర్మం నుంచి తీసినవి. ఆ పిల్లలు ఎదగరు, ఎండలోకి రాలేరు. వాళ్ల కణాల్లో ఈ అణువు డీఎన్‌ఏని తొందరగా వదిలేస్తోందని అమ్మ కనిపెట్టింది. ఆమె పత్రంలో ఉన్నది అదే. మూడేళ్లలో ఎన్ని చుక్కలు చూసి ఉంటుందో ఆమెకే తెలియదు. కళ్లు మూసుకున్నా కనిపిస్తాయి అనేది.

ఒకరోజు లింటన్ కూడా వచ్చాడు. పొడుగ్గా, మెత్తగా మాట్లాడే మనిషి. నాకు చెయ్యి అందించి, నేను చెయ్యి చాపేదాకా ఓపిగ్గా ఆగాడు. తన దగ్గర చేరే ప్రతివాళ్లకూ మొదటి రోజు చెప్పే పాఠం నాకూ చెప్పాడు. "ఈ నాబ్ తిప్పు. చుక్క నీకు కన్నుకొట్టేదాకా తిప్పు. అప్పుడు ఆపు." వెలుగు పెంచే నాబ్ అది. నేను తిప్పాను. మసక మసకగా ఉన్న చుక్కలు ఒక్కసారిగా తేటగా వచ్చాయి. ఆ ల్యాబ్‌లో అందరూ అలాగే చేసేవాళ్లు. కణం మసగ్గా ఉంటే కాస్త ఎక్కువ తిప్పేవాళ్లు, తేటగా ఉంటే తక్కువ. ఇంట్లో దీపం వత్తి ఎగదోసుకున్నంత మామూలుగా.

ఇక ఆ బుధవారం.

పత్రికవాళ్లు అడిగిన ప్రశ్నల్లో ఒకటి మిగిలి ఉంది. మామూలు కణాలు, జబ్బు కణాలు ఒకే వెలుగులో తీసిన బొమ్మలు పక్కపక్కన చూపించమన్నారు. జబ్బు కణాల్లో ఏదో మసక ఎక్కువగా ఉంటుంది కాబట్టి వాటికి అమ్మ ఎప్పుడూ వెలుగు ఎక్కువే పెట్టేది. అందుకని ఈసారి మామూలు కణాలకూ అంతే వెలుగు పెట్టి తీస్తే సరిపోతుందనుకుంది. పది నిమిషాల పని, తర్వాత నూడుల్స్ తినడానికి వెళ్దాం అంది.

లెన్సు మీద నూనె చుక్క వేసి, గాజు పళ్లెం ఎక్కించి, నాబ్ తిప్పింది. చుక్కలు చాలా అందంగా వచ్చాయి. నేను అన్ని రోజుల్లో అంత తేటగా చూడలేదు. వచ్చినవి వచ్చినట్టే ఆరిపోతున్నాయి.

తలుపు తెర జరిపి థుయ్ లోపలికి వచ్చింది. గీతకు ఇవతలే ఆగి తెర వైపు చూసింది. "పేషెంట్లవా? పాపం, ఎంత తొందరగా వదిలేస్తున్నాయో చూడు" అంది.

అమ్మ తెర మూలన రాసి ఉన్న పేరు మళ్లీ చదివింది. మౌస్ మీద చెయ్యి అలాగే ఉంది.

కాసేపటికి, "కాదు" అంది. "ఇవి మామూలువి."

అమ్మ నాబ్ వెనక్కి తిప్పింది. చుక్కలు మసకబారాయి, ఆగి ఉన్నవి చాలాసేపు అలాగే ఉన్నాయి. మళ్లీ ముందుకు తిప్పింది. మళ్లీ టపటపా ఆరిపోయాయి. కొత్త పళ్లెం ఎక్కించి మళ్లీ చేసింది. మెడ మీది తువ్వాలు జారి నేల మీద పడితే నేను తీసి ఇచ్చాను. అందుకుంది కానీ ఎవరు ఇచ్చారో చూసుకోలేదు.

తర్వాత దీపం వేసి, ఏసీ ఆన్ చేసి, నన్ను అక్కడే ఉండమని చెప్పి నడవాలోకి వెళ్లింది. లింటన్ గది తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. థుయ్ నా పక్కన కూర్చుని బిస్కెట్ల డబ్బా తెరిచి పెట్టింది. తనూ తినలేదు, నేనూ తినలేదు. ఏదో తప్పు దొరికిందని నాకు తెలిసింది. అది ఎంత పెద్దదో తెలియలేదు. అమ్మ బయటికొచ్చినప్పుడు ఏడ్చినట్టు లేదు. నూడుల్స్ సంగతి గుర్తుపెట్టుకుని మరీ తీసుకెళ్లింది, తన గిన్నెలోవి నా గిన్నెలో వేసింది.

సాయంత్రం గదిలో గిన్నెలు కడుగుతుంటే నాన్న ఫోన్ చేశాడు. చేతులు తడిగా ఉన్నాయని అమ్మ స్పీకర్ పెట్టమంది. వెనక కుర్చీ జరిగిన చప్పుడు, నాయనమ్మ గొంతు, ఇంకెవరో దగ్గడం, అన్నీ వినిపిస్తున్నాయి.

"రో, బార్ట్ ఇక్కడే ఉన్నాడు" అన్నాడు నాన్న. "సంతకం పెట్టమంటున్నాడు. ఇది పెడితే ఇంక వెనక్కి తీసుకోవడం ఉండదట. అక్కడ అంతా బాగానే ఉంది కదా?"

అమ్మ పంపు కట్టేసింది.

"బాగానే ఉంది" అంది.

"అయితే పెట్టేస్తున్నా."

"పెట్టు కెల్" అంది నాన్నతో.

తర్వాత అమ్మ, నాయనమ్మకు నడుం నొప్పి ఎలా ఉందని అడిగింది. దూడలకి ఈగల మందు పూశావా అని అడిగింది. మంద మొత్తం పోతుంటే ఇంక దూడలకి మందెందుకు అని నాన్న నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నేను ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాను, దాని వెలుగు నా బొటనవేలి మీద పడుతోంది. నాన్నకు ఏదైనా చెప్తావా అని అమ్మ సైగ చేసింది. నేను తల అడ్డంగా ఊపాను. చెప్పడానికి నా దగ్గర ఏముంది.

గురువారం నన్ను లోపలికి రానివ్వలేదు. బొమ్మ తీస్తున్నారని తెలిపే ఎర్ర దీపం తలుపు మీద పొద్దుటినుంచీ వెలుగుతూనే ఉంది. థుయ్ నన్ను మ్యూజియంకి తీసుకెళ్లింది.

శుక్రవారం రైల్లో అమ్మ కిటికీకి తల ఆనించుకుని కళ్లు మూసుకుంది. నిద్రపోవడం లేదని నాకు తెలుసు. స్టేషన్‌కి నాన్న వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. దారంతా ఆయనే మాట్లాడాడు, ఎన్నడూ లేనిది. డ్రైవర్లు మంచివాళ్లట, కర్ర వాడలేదట. ముసలి ఆవు పోపీ ఎక్కనని మొండికేస్తే ఆయనే ముందు లారీ ఎక్కి పిలిచాడట, అప్పుడు వచ్చిందట. "నమ్మి వచ్చేసింది" అన్నాడు.

ఇంటి ముందు దిగగానే నేను గమనించింది నిశ్శబ్దం. ఆవులు ఉన్నప్పుడు అవి చప్పుడు చేస్తున్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. నాన్న షెడ్డు నేలంతా నీళ్లు కొట్టి కడిగి పెట్టాడు. సిమెంటు ఇంకా తడిగా ఉంది. నాయనమ్మ వంటింట్లో రేడియో పెద్దగా పెట్టుకుని కూర్చుంది.

అమ్మ శనివారం చెప్పింది. మధ్యాహ్నం భోజనమయ్యాక, టీ పోసి అందరి ముందూ పెట్టి, తను కూర్చోకుండానే మొదలుపెట్టింది. పత్రం వెనక్కి తీసుకున్నామంది. నాన్నకు మొదట అర్థం కాలేదు. మళ్లీ పంపుతారా అన్నాడు. లేదు కెల్, అందులో ఉన్నది నిజం కాదు అంది.

అప్పుడు వివరంగా చెప్పింది. వెలుగు తగిలి తగిలి ఆ రంగు కాలిపోతుంది. రంగు కాలిపోతే అణువు అక్కడే ఉన్నా చుక్క కనపడదు. ఆ పని చేసే వాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే. అందుకే రంగు ఎంతసేపట్లో కాలిపోతుందో ముందే కొలిచి, లెక్కలోంచి తీసేస్తారు. అమ్మా కొలిచింది. కానీ కొలిచింది మామూలు కణాల మీద, తక్కువ వెలుగులో. జబ్బు కణాల్ని బాగా చూడాలని వెలుగు పెంచినప్పుడు, రంగు ఇంకా తొందరగా కాలిపోతుందన్నది లెక్కలోకి రాలేదు. వదిలేసి వెళ్తున్నాయని అనుకున్న అణువులన్నీ అక్కడే ఉన్నాయి. చూసేవాళ్లే వాటిని ఆర్పేశారు.

"నీకు తెలియదా, కాలిపోతుందని?" అన్నాడు నాన్న.

"తెలుసు. మూడేళ్లుగా అందరికీ నేనే నేర్పిస్తున్నాను."

"అయితే ఆ పిల్లల కణాల్లో తేడా లేదా?"

"ఉందో లేదో తెలియదు. నేను చూసింది మాత్రం అది కాదు."

నాయనమ్మ ఏదో అనబోయింది. నాన్న చెయ్యెత్తాడు. ఆయనకు కోపం వచ్చినట్టు లేదు. ఒక ఆవు ఎక్కడ కుంటుతోందో చూడటానికి దాని కాలు నెమ్మదిగా తడుముతాడే, అలా ఒక్కొక్కటే అడిగాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"బుధవారం."

"బుధవారం ఎప్పుడు?"

"మధ్యాహ్నం."

"లింటన్‌కి ఎప్పుడు చెప్పావు?"

"వెంటనే."

"నేను ఫోన్ చేసింది సాయంత్రం" అన్నాడు నాన్న.

"అవును."

నాయనమ్మ నన్ను లోపలికెళ్లమంది. నేను వెళ్లలేదు, ఎవరూ రెట్టించలేదు. అమ్మ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఆ పిల్లల కణాల్ని మళ్లీ సరైన వెలుగులో తీస్తే కనిపెట్టినదాంట్లో సగమైనా నిలుస్తుందనుకున్నానని, గురువారమంతా అదే పని చేశానని చెప్పింది.

"నిలిచిందా?"

"లేదు."

"అంటే గురువారానికే తెలుసు."

"తెలుసు."

"లారీలు శుక్రవారం పొద్దున వచ్చాయి రో."

అమ్మ చేతులు బల్ల మీద ఉన్నాయి. చేతితొడుగుల వల్ల గోళ్ల పక్కన చర్మం తెల్లగా పొడిబారి ఉంది. ఆమె ఆయన ముఖంలోకే చూస్తూ మాట్లాడింది. అది మాత్రం చెప్పాలి. చూపు తిప్పుకోలేదు.

"చెప్తే నువ్వు ఆపేస్తావు" అంది. "ఈసారి ఆపితే ఇంక ఎప్పటికీ కదలవు. నేను ఇలా రైళ్లలోనే ముసలిదాన్నైపోతాను. ఆ ఉద్యోగం కాకపోతే ఇంకొకటి చూసుకోవచ్చు అనుకున్నాను. ముందు నువ్వు ఇక్కణ్ణుంచి కదిలితే చాలనుకున్నాను."

"ఆవులు పోవాలనుకున్నావు."

అమ్మ కాదని ఉంటే నాన్న నమ్మేవాడే. ఆయన అప్పటికీ నమ్మడానికి సిద్ధంగా కూర్చున్నట్టే నాకు కనిపించాడు.

"అనుకున్నాను" అంది.

నాన్న లేచి తన కప్పు కడిగాడు. తుడిచి కొక్కేనికి తగిలించాడు. గోడ గడియారం చూసి, మామూలుగా పితకడానికి వెళ్లే వేళకి వెళ్లినట్టే వరండాలోకి వెళ్లి మెట్టు మీద కూర్చుని ఒక బూటు తొడుక్కున్నాడు. రెండోది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వంటింట్లో ముగ్గురం ఆయన వీపు వైపు చూస్తూ కూర్చున్నాం. లేచి వెళ్లాల్సింది ఎవరో మాకు తెలియలేదు.

ఆ తర్వాత అరుపులేమీ లేవు. ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. థుయ్ వాళ్ల ఇంట్లో అయితే పళ్లేలు ఎగురుతాయట, సాయంత్రానికి అందరూ కలిసి తింటారట. మా ఇంట్లో "ఉప్పు ఇటివ్వు", "తలుపు వేశావా" లాంటి మాటలన్నీ ఎప్పటిలాగే నడిచాయి. మర్యాద కూడా పెరిగింది. నాన్న అమ్మకు థాంక్స్ చెప్పడం మొదలుపెట్టాడు.

మెల్‌బోర్న్ బడి మాట ఎవరూ ఎత్తలేదు. ఫిబ్రవరిలో నేను మళ్లీ పాత బస్సే ఎక్కాను. నాన్న కౌలుకిచ్చిన పక్కింటి వాళ్ల దగ్గరే పాలు పితికే పనికి చేరాడు. వాళ్లవి నల్లమచ్చల ఆవులు, ఎత్తయినవి. వాటి పేర్లు ఆయన తెలుసుకోలేదు. చెవి బిళ్లల మీది అంకెలతోనే పిలుస్తాడు.

ఊళ్లో సంగతి తెలిశాక చాలామంది అమ్మను మెచ్చుకున్నారు. ఎవరూ పట్టుకోకముందే తన తప్పు తానే బయటపెట్టిందట, ఎంత నిజాయితీ అని మా టీచర్ క్లాసులో అందరి ముందూ అన్నాడు. నేను బల్ల మీది గీతలు చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చి నాయనమ్మకు చెప్పాను. ఆమె బఠానీలు ఒలుస్తోంది.

"నిజమే. అక్కడ నిజం చెప్పింది" అంది. "అక్కడ నిజం చెప్పడానికి ఆమెకి జీతమిస్తారు."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. అది తప్పని చెప్పడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చాలాసేపు వెతికాను.

లింటన్ అమ్మను తిట్టలేదట. చేయాల్సిన పనే చేశావన్నాడట. ఆ ఐదేళ్ల ఉద్యోగానికి మాత్రం పెర్త్ నుంచి ఎవరినో తీసుకున్నాడు. ఇప్పుడు ఆ చీకటి గది తలుపు మీద కొత్త కాగితం అంటించారని థుయ్ చెప్పింది: ఎవరు ఏ కణం తీసినా వెలుగు ఒకటే ఉండాలి, నాబ్ ముట్టుకోకూడదు. అమ్మ కాంట్రాక్టు మార్చితో ముగుస్తుంది. ఆలోపు అన్నీ మళ్లీ మొదటినుంచి తీస్తోంది, తేడా లేదని రాయడానికి.

శుక్రవారం రైల్లో అమ్మ మొదట వారం వారం వచ్చింది. తర్వాత వారం విడిచి వారం. ఒకసారి స్టేషన్‌లో మేమిద్దరమే ఉన్నప్పుడు, ఏమైనా అడగాలనుంటే అడుగు బ్రయొనీ అంది. అడగాలనుంది. ఆ బుధవారం నేను ఫోన్ పట్టుకుని నీ పక్కనే నిలబడ్డాను కదా, అప్పుడు నన్ను ఒక్కసారైనా చూశావా అని. రైలు వచ్చేసింది.

రాని వారాల్లో రోజూ ఫోన్ చేస్తుంది. ఇప్పుడు అన్నీ చెబుతుంది. ల్యాబ్‌లో ఏసీ పాడైంది, థుయ్‌కి జలుబు చేసింది, తను పొద్దున ఏం తింది, ట్రామ్‌లో ఎవరు కనిపించారు, రేపు ఏం చేయబోతోంది. నాన్న స్పీకర్ పెట్టి ఫోన్‌ని సింకు పక్కన నిలబెడతాడు. గిన్నెలు కడుగుతూ మధ్య మధ్యలో "సరే" అంటాడు. ఒక్కోసారి నీళ్ల చప్పుడులో ఆయనకు వినపడుతోందా అని నాకు అనుమానం వస్తుంది.

నిన్న సాయంత్రం కూడా అలాగే చేసింది. దేశానికి అవతలి చివరనున్న పెర్త్‌లో ఒక ఆసుపత్రి పరిశోధన కేంద్రంలో మైక్రోస్కోపులు చూసుకునే పని ఉందట. తన సొంత పని కాదు, వేరేవాళ్ల కణాలకి బొమ్మలు తీసిపెట్టాలి. శాశ్వత ఉద్యోగం. రేపటిలోగా చెప్పమన్నారట.

"నేనింకా ఒప్పుకోలేదు కెల్" అంది. "లింటన్‌కి కూడా చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నాను."

నాన్న పంపు కట్టలేదు. చేతిలో ఉన్న పళ్లెం రెండువైపులా కడిగి, ఆరబెట్టి, ఇంకొకటి తీసుకున్నాడు. నాయనమ్మ అల్లిక ఆపింది.

"వెళ్లు" అన్నాడు. "సామాన్లు ఎక్కించే రోజు ఎప్పుడో చెప్పు. వచ్చి పట్టుకుంటాను."

ఆ పళ్లెం కూడా కడగడం పూర్తిచేసి, చేతులు తుడుచుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. జాలీ తలుపు కొట్టుకుంది.

ఫోన్ అలాగే నిలబడి ఉంది. అవతల ట్రామ్ గంట వినిపించింది.

"వింటున్నావా కెల్?" అంది అమ్మ. కాసేపాగి మళ్లీ అడిగింది.

నేను వెళ్లి స్పీకర్ తీసేసి ఫోన్ చెవికి ఆనించుకున్నాను.

"నాన్న బయటికెళ్లాడు. నేనే" అన్నాను.